చీపురుతో ఊడవకూడదట!

(17వ భాగం)

"మేడమ్, మీరు తెలుగు సాహిత్యం చెప్పేవాళ్లు, కులం గురించి రాసేవాళ్లు. ఈ ట్యూబ్‌లైట్లు, పాదరసం, పొల్యూషన్ బోర్డు గొడవ మీకెందుకు?" అని పోయిన భాగం చదివిన ఒక మిత్రుడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. మర్యాదగానే అడిగాడు కాబట్టి మర్యాదగానే చెబుతా. కాస్త పొడుగవుతుంది. టీ తెచ్చుకుని కూర్చోండి.

మీ ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పడి పగిలిందనుకోండి. ఏం చేస్తారు? పిల్లల్ని పక్కకు పొమ్మని, చెప్పులేసుకుని, చీపురు తెచ్చి ఊడ్చి, చేటలోకి ఎత్తి చెత్తబుట్టలో పోస్తారు. అందరం చేసేది అదే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, పాదరసం ఒలికితే ఏం చేయకూడదో ఒక జాబితా ఇచ్చింది. వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, ఆ తర్వాత చీపురు వాడొద్దు. చీపురు తగిలితే పాదరసపు బొట్టు చిట్లి వంద బొట్లవుతుంది, బండల సందుల్లోకి పోతుంది, ఆవిరయ్యేది ఇంకా ఎక్కువవుతుంది. కిటికీలు తీసి, మనుషులు బయటికి పోయి, కాసేపాగి వచ్చి, అట్టముక్కతో దగ్గరికి తోసి, జిగురు టేపుతో అద్ది, మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టాలట.

మరి మన ఊళ్లో ఆ పనికి ఎవర్ని పంపుతున్నాం? ఆ మనిషి చేతిలో మనం పెట్టిన పనిముట్టు ఏంటి?

పీష్వాల పాలనలో పూనాలో అంటరానివాళ్లు తమ అడుగుల గుర్తులు తామే చెరిపేసుకుంటూ పోవాలని నడుముకి చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. ఆ చీపురు నడుము మీంచి చేతిలోకి వచ్చింది. ఏ పదార్థం దగ్గర చీపురు పనికిరాదని సైన్సు చెబుతోందో, ఆ పదార్థం దగ్గరికి చీపురు తప్ప ఇంకేమీ ఇవ్వకుండా మావాళ్లను పంపుతున్నారు. ఇదీ నాకున్న పని.

ఇక పాదరసం సంగతి. మామూలు ఎండకే ఆవిరయ్యే లోహం ఇది. మింగితే కడుపులోంచి ఒంటికి పట్టేది చాలా తక్కువ. పీల్చితే మాత్రం ఆ ఆవిరిలో దాదాపు 80 శాతం ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పోతుంది. అక్కణ్ణించి మెదడుకి, కిడ్నీలకి. చేతులు వణకడం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, చిరాకు. వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు కూడా రాదు. ఒక సీఎఫ్‌ఎల్ బల్బులో ఉండేది రెండు మూడు మిల్లీగ్రాములే. జ్వరం చూసే పాత గాజు థర్మామీటరులో గ్రాము దాకా ఉంటుంది, అంటే కొన్ని వందల బల్బుల సరుకు. ఆసుపత్రిలో గోడకి తగిలించే పాతరకం బీపీ మెషీనులో 80 నుంచి 100 గ్రాములు. ఒక్క బల్బు పగిలితే ఎవరూ చచ్చిపోరు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, కామెంట్లలో మీరు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో ఏడాదికి ఒకటి పగులుతుంది. వీధివీధీ తిరిగి ఎత్తే మనిషికి రోజూ పగులుతుంది, ఇరవై ఏళ్లపాటు.

నేను తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి ఒక పిట్టకథ. సంస్కృతంలో పారదం అన్నది మన నోట పాదరసం అయి కూర్చుంది. మన పాత సాహిత్యంలో ఇది గొప్ప వస్తువు. శ్రీశైలం సిద్ధుల కథల్లో, గౌరన నవనాథ చరిత్రలో రసవాదం మాట వస్తుంది. వేమన బంగారం చేసే విద్య నేర్చాడని ఊరూరా కథలు చెప్పుకుంటారు. పీహెచ్‌డీ రోజుల్లో ఇవన్నీ చదివాను. ఇనుము బంగారం అయిందా లేదా అనేది తర్వాత. ఆ మూసలు కాచిన తర్వాత మిగిలిన మష్టు ఎవరు ఎత్తి పారబోశారో ఏ ప్రబంధంలోనూ కనిపించలేదు. ఎత్తినవాళ్లకి చదువు లేదు కదా, రాసుకోవడానికి.

మా పెద్దమ్మ మునిసిపాలిటీలో పారిశుధ్య కార్మికురాలు. ముందు రోజుకూలీ, తర్వాత కాంట్రాక్టు, ఆ తర్వాత ఔట్‌సోర్సింగ్. పేరు మారింది, చీపురు మారలేదు. చిన్నప్పుడు సంక్రాంతి ముందు ఆమె పాత ట్యూబ్‌లైట్లు చెత్తలోంచి ఏరి, విరక్కుండా బండి పక్కన కట్టుకుని ఇంటికి తెచ్చేది. పేటలో మగపిల్లలకి అవి పండగ కానుక. రోట్లో వేసి దంచి, గుడ్డలో జల్లించి, అన్నం మెతుకులతో కలిపి గాలిపటం దారానికి మాంజా పట్టించేవాళ్లు. గొట్టం విరగ్గానే పొగలాగా లేచే తెల్ల పొడిని "పౌడరు, పౌడరు" అని ఒకరి మొహాన ఒకరు ఊదుకునేవాళ్లు. గాజు కోసుకుంటుందని మాత్రమే పెద్దవాళ్లు తిట్టేవాళ్లు.

మొన్నామధ్య వెళ్లినప్పుడు ఆమెతో అన్నాను: "పెద్దమ్మా, పగిలిన లైట్లు చేత్తో తీయమాక. అందులో పాదరసం ఉంటది."

"చేత్తో తీయకపోతే దేంతో తీస్తారే అమ్మాయ్? కాలితోనా?" అంది. నవ్వి, "పాదరసం ఉంటే మరి ఆ లైటు మీద రాయొచ్చుగా. నాకు తెలుగు చదవడం వచ్చుగా" అంది.

ఆమె ఐదో తరగతి. ఆమె అన్న మాటని ఒక పరాయి దేశపు కోర్టు 2001లో ఒప్పుకుంది. ఆ కథ చెబుతా.

అమెరికాలో వెర్మాంట్ అని ఒక చిన్న రాష్ట్రం. 1998లో ఒక చట్టం చేసింది. పాదరసం ఉన్న వస్తువులు మా రాష్ట్రంలో అమ్మాలంటే, ఇందులో పాదరసం ఉంది, మామూలు చెత్తలో వేయొద్దు అని వస్తువు మీదా పెట్టె మీదా రాయాలని. దీపాల కంపెనీల సంఘం కోర్టుకెళ్లింది. వాళ్ల వాదనల్లో ఒకటి వినండి: మాకు ఇష్టం లేని మాట మా వస్తువు మీద రాయించడం మా భావ ప్రకటనా స్వేచ్ఛని హరించడమే! మనవాళ్లు ఒక కవిత రాస్తే కేసులు పడే దేశంలో ఉండి ఇది చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2001లో అప్పీలు కోర్టు రాష్ట్రం పక్షానే తీర్పిచ్చింది. వస్తువులో ఏముందో నిజం చెప్పమనడం స్వేచ్ఛని హరించడం కిందికి రాదని.

అదే ఏడు అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, ఇంకొన్ని రాష్ట్రాలు కలిసి ఐమెర్క్ అనే ఉమ్మడి వేదిక పెట్టుకున్నాయి. పాదరసం కలిపిన వస్తువు అమ్మే ప్రతి తయారీదారు ఏ వస్తువులో ఎంత పాదరసం ఉందో, మొత్తం ఎంత అమ్మాడో అక్కడ నమోదు చేసుకోవాలి. మూడేళ్లకోసారి లెక్క అప్పజెప్పాలి. ఆ లెక్క జనం చూడొచ్చు. మెయిన్ రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసింది. గోడకి ఉండే పాత థర్మోస్టాట్లలో పాదరసం ఉంటుంది. అవి తిరిగి తెచ్చి ఇస్తే ఒక్కోదానికి కనీసం ఐదు డాలర్లు కంపెనీలే ఇవ్వాలని 2006లో చట్టం చేసింది. తర్వాత దీపాల సేకరణ ఖర్చు కూడా కంపెనీల మీదే వేసింది. ఈ నియమాలన్నిటి వెనకా ఉన్నది ఒకటే మాట. అమ్మినవాడు ఏం అమ్మాడో చెప్పాలి, వస్తువు మీద రాయాలి, తిరిగి తీసుకోవాలి, ఆ డబ్బు వాడే పెట్టుకోవాలి.

అమెరికాని మెచ్చుకుంటున్నానని అనుకోకండి. 1968లో మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే నల్లజాతి కార్మికులు 'నేనూ మనిషినే' అని అట్టలు మెడలో వేసుకుని సమ్మె చేయాల్సొచ్చింది. వాళ్ల కోసం వెళ్లినప్పుడే మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. అక్కడా చీపురుకి రంగుంది. పైగా ఆ దేశం తన ఇంటి పాదరసాన్ని మన ఇంటికి పంపిన కథ కూడా ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలో వాటర్‌టౌన్ అనే ఊళ్లో చీజ్‌బ్రో పాండ్స్ కంపెనీకి థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. 1980ల మొదట్లో అక్కడ మూసేసి యంత్రాలతో సహా తమిళనాడు కొడైకెనాల్ కొండమీదికి తెచ్చారు. తర్వాత అది హిందూస్థాన్ లీవర్ చేతికి వచ్చింది. థర్మామీటర్లు విదేశాలకు పోయేవి. పగిలిన గాజు, దానికంటిన పాదరసం మాత్రం కొండమీదే ఉండిపోయేవి. 2001 మార్చిలో ఊళ్లో ఒక పాత సామాన్ల కొట్టులో ఏడు టన్నులకి పైగా పాదరసం అంటిన గాజు బయటపడింది. స్థానికులు, మాజీ కార్మికులు, గ్రీన్‌పీస్ వాళ్లు కలిసి బయటపెట్టారు. ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో దాదాపు 290 టన్నుల పాదరసపు వ్యర్థాన్ని ఓడెక్కించి అమెరికాకే తిప్పి పంపారు. పేద దేశం నుంచి విషం తిరుగు ప్రయాణం కట్టడం అరుదుగా జరిగే పని. కార్మికులకి మాత్రం కంపెనీతో ఒప్పందం కుదరడానికి 2016 దాకా పట్టింది. 591 మంది.

గమనించండి, గాజు దొరికింది ఎక్కడ? పాత సామాన్ల కొట్లో. పెద్ద కంపెనీ ప్రహరీ దాటిన విషం మొదట చేరేది పాత ఇనుము, పాత గాజు కొనే కొట్టుకి, దాంట్లో ఏరుకునే చేతులకి. వెర్మాంట్ పెట్టె మీద రాయమన్న మాట ఆ కొట్టు దాకా రాలేదు.

మరి మన దగ్గర చట్టం లేదా? ఉంది. బోలెడుంది. 2018లో మన దేశం మినమాటా ఒప్పందాన్ని ఆమోదించింది. జపాన్‌లో ఒక రసాయనాల ఫ్యాక్టరీ పాదరసం సముద్రంలో కలిపితే చేపలు తిన్న జాలర్ల కుటుంబాలు చచ్చి, బతికినవాళ్లు వంకర్లు పోయిన ఊరు మినమాటా. ఆ పేరుతో వచ్చిన ఒప్పందం అది. దాని కింద ఇళ్లలో వాడే సీఎఫ్‌ఎల్‌లకి 2025, పొడవాటి ట్యూబ్‌లైట్లకి 2027 గడువు పెట్టారు. ఆ తర్వాత తయారీ, ఎగుమతి, దిగుమతి కుదరవు.

ఇక మన ఈ-వ్యర్థాల నియమాలు. 2016లో ఒకసారి, 2022లో మళ్లీ వచ్చాయి. రెండోవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాదరసం ఉన్న దీపాలు ఆ జాబితాలో ఉన్నాయి. దీపంలో ఎంత పాదరసం ఉండొచ్చో హద్దు కూడా పెట్టారు. మంచిదే. వాడి పారేసిన వాటి బాధ్యత తయారీదారుదే అన్నారు. ఇదీ మంచిదే. ఎలా తీర్చుకోవాలి ఆ బాధ్యత? తన వాటా బరువుకి సరిపడా సర్టిఫికెట్లు రీసైక్లర్ల దగ్గర కొని సెంట్రల్ బోర్డు పోర్టల్‌లో చూపిస్తే చాలు. ఆ సర్టిఫికెట్లు ఏ లోహాల లెక్కన పుడతాయంటే బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము.

మళ్లీ చదవండి. నాలుగూ అమ్ముకుంటే డబ్బొచ్చేవే. పాదరసం లేదు. ట్యూబ్‌లైటు బరువంతా గాజు, చివర్లలో కాస్త అల్యూమినియం. అందులోని విషం బరువు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. టన్నుల్లో తూచే కాటా మీద మిల్లీగ్రాము కనిపించదు. ఎత్తిన మనిషి అసలే కనిపించదు. ఆ నియమాల్లో కార్మికుల గుర్తింపు, రిజిస్ట్రేషన్, ఆరోగ్యం చూడాలని రాష్ట్ర ప్రభుత్వానికి ఒక బాధ్యత ఇచ్చారు, కానీ అది వస్తువు విడగొట్టే చోట, రీసైక్లింగ్ చేసే చోట పనిచేసే వాళ్లకి. ప్లాంటు గేటులోపల ఉన్నవాడు కార్మికుడు. ఆ గేటు దాకా వీధుల్లోంచి మోసుకొచ్చిన మనిషి ఎవరో చట్టానికి తెలియదు.

వస్తువులో ఏముందో చెప్పాలనే నిబంధన కూడా ఉంది. ఎక్కడ చెప్పాలట? వస్తువుతో ఇచ్చే పుస్తకంలో. ట్యూబ్‌లైటుకి పుస్తకమేంటండీ! అట్టగొట్టం లోంచి తీసి, గొట్టం పారేసి, లైటు బిగిస్తాం. లైటు చివర చిన్న అక్షరాల్లో 'హెచ్‌జీ' అని గుండ్రంలో ఒక గుర్తు, గీత కొట్టిన చెత్తడబ్బా బొమ్మ ఉంటాయి. హెచ్‌జీ అంటే హైడ్రార్జిరమ్. గ్రీకు, లాటిన్ కలిసిన మాట. మా డిగ్రీ పిల్లల్లో కెమిస్ట్రీ వాళ్లు తప్ప ఎవరూ చెప్పలేకపోయారు, తరగతిలో అడిగి చూశాను. మా పెద్దమ్మ ఎలా చదవాలి దాన్ని?

2016 ఘన వ్యర్థాల నియమాలు సీఎఫ్‌ఎల్‌లు, ట్యూబ్‌లైట్లు, పగిలిన థర్మామీటర్లని గృహ ప్రమాదకర వ్యర్థాలన్నాయి. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి వాటిని అప్పగించే కేంద్రం ఒకటి పెట్టమన్నాయి. మీ ఊళ్లో ఎక్కడుందో చెప్పండి, నేనూ వచ్చి చూస్తా. కార్మికులకి చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు, రెయిన్‌కోటు, ఫ్లోరసెంట్ జాకెట్ ఇవ్వాలనీ అందులోనే ఉంది. జాకెట్ వచ్చింది. ఫొటోలో కనిపించేది కదా, అది తప్పకుండా వస్తుంది. గుడ్డ మాస్కు దుమ్మునే సరిగా ఆపదు, పాదరసపు ఆవిరిని ఏమాత్రం ఆపదు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు పాత ట్యూబ్‌లైట్లు వందల్లో దిగాయి. వెనక షెడ్డు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు వాటిని పాత డ్రమ్ములో నిలబెట్టి గడ్డపారతో కొడుతున్నారు, చోటు తక్కువ పడుతుందని. కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ఆఫీసులో అడిగితే, "స్క్రాపు మేడమ్, కాంట్రాక్టరు చూసుకుంటాడు" అన్నారు. ఆ ఇద్దరూ ఏ పేట నుంచి వస్తారో నేను అడగనక్కర్లేదు, మీరూ అడగనక్కర్లేదు. డ్రైనేజీలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే వాళ్లని కేంద్ర ప్రభుత్వమే లెక్క తీసి 2024లో చెప్పింది, అందులో 68.9 శాతం ఎస్సీలని. చీపురు పని లెక్క కూడా తీస్తే ఇంతకన్నా వేరుగా ఉంటుందని మీరు నమ్మితే మీ ఇష్టం.

"ఇంకా ట్యూబ్‌లైట్లేంటి, అందరూ ఎల్‌ఈడీకి మారారుగా" అంటారు కొందరు. నా భయం సరిగ్గా అదే. గడువు వచ్చిందంటే కొత్తవి తయారవ్వవు. గోడల మీద, బడుల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, రైల్వే స్టేషన్లలో ఉన్నవి ఏమవుతాయి? ఈ నాలుగైదేళ్లలోనే అన్నీ కిందికి దిగుతాయి. ముప్పై ఏళ్లు అమ్మిన సరుకంతా ఒక్కసారి చెత్తబండి ఎక్కుతుంది. దేశం పాదరసం వదిలించుకుందని ఢిల్లీలో ప్రకటన వస్తుంది. వదిలింది ఎవరి ఊపిరితిత్తుల్లోకో ఆ ప్రకటనలో ఉండదు.

నేను అడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. ఆంధ్రా బోర్డు, తెలంగాణ బోర్డు రెండూ, తమ రాష్ట్రంలో పాదరసపు వస్తువు అమ్మిన ప్రతి కంపెనీ ఎన్ని మిల్లీగ్రాములు అమ్మిందో లెక్క అడిగి తీసుకుని జనం ముందు పెట్టాలి. టన్నులు కాదు, మిల్లీగ్రాములు. గడువు లోపల ఇంకా అమ్మేవాటి మీద తెలుగులో, బొమ్మతో, 'పాదరసం ఉంది, చేత్తో ముట్టొద్దు, ఊడవొద్దు' అని రాయించాలి. అన్నిటికన్నా ముఖ్యం డబ్బు. మెయిన్ రాష్ట్రం థర్మోస్టాట్‌కి ఐదు డాలర్లు పెట్టినట్టు, పగలకుండా తెచ్చిన ప్రతి ట్యూబ్‌లైటుకీ ఒక ధర పెట్టి, ఆ ధర కంపెనీ నుంచి వసూలు చేసి, తెచ్చిన మనిషి చేతిలో అక్కడికక్కడ పెట్టాలి. 2016 నియమాల్లోనే 'డిపాజిట్ రిఫండ్' అనే మాట ఉంది, అమ్మేటప్పుడు కాస్త ఎక్కువ తీసుకుని తిరిగి తెచ్చినప్పుడు ఇచ్చేయడం. మా బజార్లో ఎలక్ట్రికల్ షాపులన్నీ తిరిగి అడిగాను. సోడా సీసాకి డిపాజిట్ తెలుసు గానీ లైటుకి తెలియదన్నారు. పగలని లైటుకి పది రూపాయలొస్తుందంటే డ్రమ్ములో వేసి ఎవరూ కొట్టరు. జాగ్రత్తలు చెప్పే సర్క్యులర్ల కన్నా ఆ పది రూపాయలు ఎక్కువ ఊపిరితిత్తుల్ని కాపాడతాయి.

ఒక అనుమానం మాత్రం ముందే చెప్పి పెట్టుకుంటా. ధర పెట్టగానే ఆ పనిలోకి కాంట్రాక్టరు దిగుతాడు, సేకరణ కేంద్రం ఇంకెవరి బావమరిదికో వస్తుంది, మళ్లీ మావాళ్లు కిలోల లెక్కన కూలికి పోతారు. అందుకని ఆ కేంద్రాలు పారిశుధ్య కార్మికుల సంఘాలకే, చెత్త ఏరుకునే వాళ్ల సంఘాలకే ఇవ్వాలి. వాళ్లకి ఏడాదికోసారి మూత్ర పరీక్ష చేయించాలి. ఒంట్లో ఎంత పాదరసం పేరుకుందో అందులో తెలుస్తుంది. ఖర్చు కంపెనీలది. ఇది దానం కాదు, వాళ్ల సరుకు లెక్క వాళ్లు సరిచేసుకోవడం.

మునిసిపాలిటీల్లో, పంచాయతీల్లో పనిచేసే అన్నలు, అక్కలు ఎవరైనా ఇది చదువుతుంటే, లేదా మీ ఇంట్లో ఎవరైనా ఆ పనిలో ఉంటే, పగిలిన లైట్లు ఎత్తడానికి మీకు ఏం ఇచ్చారో ఫొటో తీసి పంపండి. పేర్లు, ముఖాలు వద్దు, వస్తువు చాలు. అవన్నీ కలిపి రెండు రాష్ట్రాల బోర్డులకీ అర్జీ రాస్తున్నా. సమాచార హక్కు దరఖాస్తు నమూనా కూడా తెలుగులో తయారు చేశాను, అడిగిన వాళ్లకి పంపుతా.

వచ్చే భాగంలో ముఖానికి పూసుకునే పాదరసం. తెల్లబడే క్రీములు. కాస్మెటిక్స్ నియమాల ప్రకారం పది లక్షల భాగాల్లో ఒక భాగానికి మించి పాదరసం ఉండకూడదు. అయినా కేరళ మలప్పురంలో అలాంటి క్రీములు పూసుకుని కిడ్నీలు దెబ్బతిన్న వాళ్ల గురించి 2023లో డాక్టర్లు చెప్పారు. మన నలుపు మీద బతికే వ్యాపారం అది. దాని గురించి ఆదివారం రాస్తా.

జై భీమ్.